నాలుగో స్లాబాయన

టెలిఫోను ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె రేట్లక్క. ఏ కాల్‌కు ఎంత పడాలో కంప్యూటరుకు నేర్పే పని ఆమెది కాబట్టి ఆ పేరు పడింది. పడింది మరి ఊడలేదు.

ఇరవై రెండో ఏట ఆపరేటరుగా చేరింది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అంటూ పదమూడేళ్ళు ఊళ్ళనూ మనుషులనూ కలిపింది. చేత్తో లైన్లు కలిపే ఆ స్విచ్‌బోర్డులు ఎత్తేశాక బిల్లుల విభాగానికి పంపారు. మధ్యలో పెళ్ళయింది. మూడేళ్ళకు అదీ ముగిసింది. పొట్లాటలేమీ లేవు. ఆమెవి మారిపోయే షిఫ్టులు, అతనిది పగటి ఉద్యోగం. ఇద్దరూ ఒకే ఇంట్లో, గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మార్చుకునే అద్దెవాళ్ళలా బతికారు. అతనికి వేరే ఊరు బదిలీ అయింది. మొదట వారానికో ఉత్తరం, తర్వాత నెలకొకటి, ఆఖరుకు వకీలు దగ్గర్నుంచి ఒకటి వచ్చాయి. ఆ సంగతి ఆఫీసులో ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదామె. ఎవరూ అడగలేదు కూడా.

ఆమె ఉండేది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీది రెండు గదుల్లో. వారమంతా కింద టకటకలు, మీదికి నూనె వాసన. ఆదివారం దుకాణం మూత. ఆ రోజు గోడగడియారం కూడా ఎవరితోనో తగువు పడుతున్నట్టు గట్టిగా నడిచేది. నెలకోసారి అక్క ఫోను చేసేది. బాగున్నావా, బాగున్నాను, పిల్లలు బాగున్నారు. ఆ మూడు ముక్కలూ అయ్యాయో లేదో, "బిల్లెక్కిపోతోందే, పెట్టేస్తున్నా" అని పెట్టేసేది. బిల్లు ఎలా ఎక్కాలో రాసిన మనిషికే ఆ మాట చెప్పేది!

ఆ రాసే పని సంగతి కొంచెం చెప్పుకోవాలి. పాత పద్ధతిలో రేట్లన్నీ ప్రోగ్రాములో గోడకు ఇటుకల్లా కట్టేసి ఉండేవి. ఒక్కటి మార్చాలంటే గోడే పడగొట్టాలి. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేరు అలా కాదు, ఎటు వంచితే అటు వంగేది. పొద్దున ఎనిమిది లోపు ఒక రేటు, తర్వాత ఒక రేటు పెట్టొచ్చు. ఆదివారానికి వేరుగా, అరగంట దాటిన కాల్‌కు ఇంకోలా పెట్టొచ్చు. కస్టమరు ఎంచుకున్న ఒక్క నంబరుకు మాత్రం తగ్గించనూ వచ్చు. దూరాన్ని నాలుగు స్లాబులు చేశారు. ఊళ్ళో మాట్లాడితే మొదటి స్లాబు, అన్నిటికన్నా దూరపు ఊళ్ళది నాలుగో స్లాబు. ఒకే కాల్‌కు రెండు మూడు రూల్సు వర్తిస్తే ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు చిక్కు. ఆ చిక్కు విప్పడంలో రేట్లక్కను మించినవాళ్ళు లేరు. పై అంతస్తు ఇంజనీర్లు కూడా మెట్లు దిగి ఆమె బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు.

కొత్త రూలు రాసినప్పుడల్లా నిజంగా కాల్ చేసి, అది బిల్లులో ఎలా పడిందో చూడాలి. అవతల ఎవరైనా ఫోనెత్తితేనే లెక్క మొదలవుతుంది కాబట్టి ఎత్తడానికో మనిషి కావాలి. నాలుగో స్లాబు పరీక్షకు ఒక దూరపు ఊరి ఎక్స్‌ఛేంజిని ఎంచారు. అక్కడ ఫోనెత్తే పని ఒక టెక్నీషియనుకు అప్పజెప్పారు. కాగితం మీద ఆయన పేరుండాల్సిన చోట రేట్లక్క "నాలుగో స్లాబు" అని రాసుకునేది. అలా ఆయన ఆమె మనసులో నాలుగో స్లాబాయన అయిపోయాడు.

మొదటి నెలంతా మాటల్లేవు. "హలో, టెస్టు కాలండీ" అనేది ఆమె. అవతల "ఊఁ" అని ఒక శబ్దం. ఆమె రిసీవరు బల్లమీద పెట్టి స్టాప్‌వాచీ చూసేది. యాభై తొమ్మిది సెకన్లకు ఒకటి, అరవైకి ఒకటి, అరవై ఒకటికి ఒకటి కట్ చేసేది. కొత్తగా చేరిన గుమాస్తా, "పొద్దున్నే వచ్చి ఏం చేస్తారక్కా?" అని అడిగితే, "పైకి రావడానికి పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకుంటారు కొందరు. నేను ఉన్న జీతానికే కాల్ పట్టుకుని కూర్చుంటాను" అనేది.

ఒక పొద్దున ఎనిమిది గంటల గీత దాటే కాల్ పరీక్షించాల్సి వచ్చింది. ఏడు యాభై ఎనిమిదికి మొదలుపెట్టి ఎనిమిదీ మూడుకు ఆపాలి. ఆఫీసు ఖాళీ. కుర్చీలన్నీ బల్లల మీదికెక్కి ఉన్నాయి, నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఆమె రిసీవరు బల్లమీద పెట్టబోతుంటే లోపల్నుంచి ఏదో వినబడింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"వ... వ... వా..."

లైను పాడైందేమో అనుకుంది ముందు. అంతలోనే అర్థమైంది, అవతలి మనిషి మాటతో పెనుగులాడుతున్నాడని. ఇంకోచోటైతే ఏదో ఒక మాట అందించేదేమో. కానీ ఎలాగూ ఎనిమిదీ మూడు దాకా ఆగాల్సిందే. ఆగింది.

"వా... వాన పడుతోందా మీ ద... దగ్గర?"

"లేదండీ. మబ్బు పట్టింది. పడేలా ఉంది."

"ఇ... ఇక్కడ పడుతోంది" అన్నాడు. అంత పెద్ద కబురు మోసుకొచ్చి దించినవాడిలా ఊపిరి వదిలాడు.

అప్పట్నుంచీ మాటలు మొదలయ్యాయి. చిక్కంతా సమయంతోనే. అరవై ఒక్క సెకన్ల కాల్‌లో ఆయన వాక్యం సగం కూడా నడిచేది కాదు. "మా ఎక్స్‌ఛేంజిలో ఒక పి... పి..." అన్నచోట ఆమె కట్ చేయాల్సి వచ్చేది. లెక్క లెక్కే కదా. మళ్ళీ కాల్ చేసేసరికి ఆయన సరిగ్గా ఆ అక్షరం దగ్గరే నిలబడి ఉండేవాడు. "పి... పిల్లి బ్యాటరీల గదిలో ఈనింది మేడమ్." ఒక్కోసారి వాక్యం శుక్రవారం మొదలై సోమవారం ముగిసేది. రెండు రోజులూ ఆ మిగతా సగం ఏమై ఉంటుందా అని రేట్లక్క ఊహించుకునేది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ కూడా అదే. ఆదివారానికి అదొక పని అయింది.

రెండేళ్ళు గడిచాయి. కొత్త పథకం ఒకటి వచ్చింది. అరగంట దాటితే సగం రేటు, గంట దాటితే మళ్ళీ మామూలు రేటు. పరీక్షకు అరవై రెండు నిమిషాల కాల్ కావాలి. "ఫోను పక్కన పెట్టేసి మీ పని చూసుకోండి, పరవాలేదు" అంది ఆమె. ఆయన పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.

మొదటి పావుగంట ఎప్పటిలాగే పడుతూ లేస్తూ నడిచింది. తర్వాత తర్వాత, తడిసిన తాడు ఆరి వదులైనట్టు, ఆయన మాట సాగడం మొదలుపెట్టింది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ఒళ్ళంతా చెమటపట్టడం చెప్పాడు. మనుషులతో పని ఉండదు, యంత్రాలతోనే కదా అని ఎక్స్‌ఛేంజిలో చేరడం చెప్పాడు. ఫోనంటే భయపడేవాడికి ఫోన్ల కొంపలోనే ఉద్యోగం దొరికిందని నవ్వాడు. ఆ తర్వాత భార్య సంగతి వచ్చింది.

"పెళ్ళికి ముందు ఆమెని మొదటిసారి చూసిన రోజు, ఒక్క మాట చెబుదామని వారం రోజులు అద్దం ముందు నేర్చుకున్నాను మేడమ్. 'నా మాట ఇలా ఉంటుంది. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, నాకే ఇష్టం లేదని మావాళ్ళతో అనేస్తాను, నీమీదికి మాట రానివ్వను' అని. తీరా ఆమె ఎదురుగా కూర్చుంటే నాకే మాట రాలేదు. వాళ్ళమ్మ, 'అబ్బాయి నెమ్మదస్తుడు' అంది. పెళ్ళైపోయింది."

"తర్వాతైనా చెప్పలేదా?"

"తర్వాత చెప్తే ఏం లాభం మేడమ్? రైలు వెళ్ళిపోయాక టిక్కెట్టు చూపించినట్టుంటుంది."

ఆయన చెప్పినవన్నీ జరిగిపోయిన రోజుల మాటలే. దాంతో ఆ భార్య ఇప్పుడు లేదేమోనని రేట్లక్క తనంతట తానే అనుకుంది. అడగలేదు. తనవైపునుంచి ఆ వకీలు ఉత్తరం సంగతి చెప్పింది. అది వచ్చిన తర్వాత కూడా చాలా రోజులు ఇద్దరికి సరిపడా వండేదాన్నని చెప్పింది. అంతవరకూ ఆ మాట ఎవరితోనూ అనలేదు. అరవై రెండో నిమిషం వచ్చింది. కట్ చేసింది. బిల్లు తీసి చూస్తే లెక్క సరిగ్గానే పడింది. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుంది.

ఆరు నెలలు తిరక్కుండానే సెక్షను ఆఫీసరు ఒక పెట్టె మోయించుకొచ్చాడు. ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు, మంచివాడు. "రేట్లక్కా, మీ కష్టాలు తీరాయి. ఇక కాల్సే అక్కర్లేదు. ఎన్ని సెకన్లు, ఎంత దూరం, ఏ టైము అని కొడితే ఇదే ఉత్తుత్తి కాల్స్ పుట్టిస్తుంది, గంటకి పదివేలు. పొద్దున్నే పరిగెత్తుకు రానక్కర్లేదిక!" అన్నాడు.

"మంచిదే బాబూ" అంది ఆమె.

నాలుగో స్లాబాయనకు చెప్పే అవకాశం కూడా రాలేదు. మరుసటి వారం చేయాల్సిన కాల్స్ జాబితాను పైవాళ్ళు రద్దు చేశారు. చివరి వాక్యం "మా పె..." దగ్గర ఆగిపోయి ఉంది. పెరడా, పెద్దాడా, పెట్టెలా? వారం ఆలోచించింది. నెల ఆలోచించింది.

ఎంచుకున్న ఒక్క నంబరుకు రేటు తగ్గించే పథకం తను రాసిందే. తన ఇంటి ఫోనుకు అది పెట్టించుకుందామని ఫారం నింపి, ఆ ఎక్స్‌ఛేంజి నంబరు వేసి కౌంటర్లో ఇచ్చింది. కౌంటరావిడ చూసి నవ్వింది. "అక్కా, ఎక్స్‌ఛేంజి నంబర్లు పెట్టుకోకూడదని రూలు. మీరు రాసిందే!"

నిజమే. తొమ్మిదో రూలు. ఆమె కూడా నవ్వి ఫారం చింపేసింది. మర్నాడు మధ్యాహ్నం ఇంటినుంచే మామూలు రేటుకు ఫోను చేసింది. ఎవరో ఇంజనీరు ఎత్తాడు. టెస్టు కాల్స్ ఎత్తే టెక్నీషియనుగారు ఉన్నారా అని అడిగింది.

"ఆయనా? ఫోన్లు ఎత్తరండీ. మోగితే లేచి అవతలికి వెళ్ళిపోతారు. టెస్టు కాల్స్ ఒక్కటే ఎత్తేవారు. ఇప్పుడు సెలవులో ఉన్నారు, పది రోజులైంది. ఒంట్లో బాగాలేదు."

ఆ "ఒక్కటే" అన్న మాట ఆమెను నిలవనివ్వలేదు. శనివారం తెల్లారకముందే లేచి రైలెక్కింది. ఏడు గంటల ప్రయాణం. చుట్టాల్లేని ఊరికి, పేరు కూడా సరిగా తెలియని మనిషి కోసం! పిచ్చేమైనా పట్టిందా అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఒంటరి మనిషి, జ్వరంతో మంచం పట్టి ఉంటాడు, మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా ఉండదు అనుకుని తనకు తానే సర్దిచెప్పుకుంది. సంచిలో నాలుగు బత్తాయిలు పెట్టుకుంది.

ఎక్స్‌ఛేంజి గేటు దగ్గర మనిషిని అడిగితే వెనక సందులో మూడో ఇల్లు చూపించాడు. ఇల్లు దగ్గరపడేకొద్దీ ఆమె నడక నెమ్మదించింది. గుమ్మం బయట చెప్పులే పన్నెండు జతలున్నాయి. లోపల ఎవరో బిడ్డను కసురుతున్నారు, రేడియో పాడుతోంది, రెండు వైపులనుంచి ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారు. నడవలో స్టూలు మీద, మెడకు మఫ్లరు చుట్టుకుని, సన్నటి నెరిసిన మనిషి ఒకడు ఇస్త్రీపెట్టె విప్పి బాగుచేస్తున్నాడు.

ఏమనాలో తోచక ఆమె అలవాటైన మాటే అంది. "హలో... టెస్టు కాలండీ."

ఆయన చేతిలోని మరమేకు జారి నేలమీద దొర్లింది. లేచి నిలబడ్డాడు. ముఖమంతా వెలిగింది. "మ... మ... మ..."

"మంచినీళ్ళా? తెస్తున్నా ఉండు!" అంటూ లోపల్నుంచి లావుపాటి ఆవిడ గ్లాసుతో వచ్చింది. ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ గ్లాసు వంక చూశాడు, రేట్లక్క వంక చూశాడు, నీళ్ళు గటగటా తాగేశాడు.

ఆవిడ ఆయన భార్య. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆవిడ తల్లి, అంతా అక్కడే. ఆఫీసు పని మీద వచ్చారనుకుని కూర్చోబెట్టారు, మర్యాదలు చేశారు. జ్వరం తగ్గిందని చెప్పింది కోడలు. సోమవారం డ్యూటీకి వెళ్తారని చెప్పింది భార్య. ఆయన ఏ మాట మొదలుపెట్టినా ఎవరో ఒకరు అందుకుని పూర్తి చేసేవారు. ప్రేమగానే, చకచకా, సగంసార్లు తప్పుగా. ఆయన కాదనేవాడు కాదు. వాళ్ళు ఏది పూర్తిచేస్తే అదే తన మాటని ఒప్పుకుని తలూపేవాడు. రేట్లక్క చూస్తూ కూర్చుంది. తనింట్లో మాట్లాడేవాళ్ళు లేరు. ఇక్కడ ఇంతమంది ఉన్నారు, ఆయనకు మాత్రం చోటు లేదు.

భోజనాలయ్యాక వెనక వరండాలో ఆవిడ పక్కన కూర్చుంది.

"ఏ పని మీద వచ్చారమ్మా ఇంత దూరం?" అంది ఆవిడ. గొంతులో మర్యాద ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది.

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "పనేం లేదండీ. రెండేళ్ళు టెస్టు కాల్స్ మాట్లాడుకున్నాం. అవి ఆగిపోయాయి. ఒంట్లో బాగాలేదంటే చూసి పోదామని."

"మాట్లాడుకున్నారా? మా ఆయనా?"

"ఒకరోజైతే గంటపైన."

ఆవిడ చేతిలోని తువాలు మడతపెడుతూ మడతపెడుతూ ఆగిపోయింది. "గంట! ముప్పై ఒక్క ఏళ్ళైంది మా పెళ్ళై. అన్నీ కలిపినా నాతో గంటసేపు మాట్లాడి ఉండడు." తువాలు పక్కన పెట్టింది. "ఏం మంత్రం వేశారమ్మా?"

"మంత్రమేం లేదండీ. టైము అయ్యేదాకా కట్ చేయకూడదు కదా. ఆగాను."

"ఆగడమేనా?"

"ఆగడమే."

ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, సిగ్గో, రెండూనో. "మాట రాక ఆయన పడే అవస్థ చూడలేకే అందుకుంటానమ్మా నేను. పెళ్ళైన మొదటి రోజు నుంచీ అంతే. సాయం అనుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు కాకూడదని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏం చెప్పాడు గంటసేపు?"

రేట్లక్క నోటిదాకా వచ్చింది ఆ అద్దం ముందు నేర్చుకున్న మాట. చెప్పేస్తే అయిపోయేది. కానీ అది తన కోసం పుట్టింది కాదు. దారి తప్పి తన చెవిన పడిందంతే.

"నేను చెప్తే బాగుండదండీ. మీరే అడగండి. మిమ్మల్ని మొదటిసారి చూసిన రోజు ఏం చెబుదామనుకున్నారో అడగండి. మధ్యలో మాత్రం అందుకోకండి. ఎంతసేపు పట్టినా సరే."

బయల్దేరేముందు ఆవిడ రేట్లక్క ఇంటి నంబరు రాయించుకుంది. సాయంత్రం రైలుకు ఆయనే దిగబెట్టడానికి వచ్చాడు. స్టేషను దాకా పావుగంట నడక. ఒక్క మాట లేదు. ఫోనులో అంత తెలిసిన మనిషి పక్కన నడుస్తుంటే ఆమెకు కొత్తగా, బెరుకుగా ఉంది. ఆయన ఎడమకాలు కొంచెం ఈడుస్తాడని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ప్లాట్‌ఫారం మీద ఆయన నోరు తెరిచాడు. ఆమె ఆగింది. రైలు కదిలేదాకా ఆగింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో ఏమీ వినబడలేదు.

పదిహేను రోజుల తర్వాత, ఆదివారం పొద్దున ఆమె ఇంటి ఫోను మోగింది.

"వదినా, నేనూ!" ఆవిడే. "అడిగాను. అందర్నీ సినిమాకి తోలేసి, తలుపేసి, ఎదురుగా కూర్చుని అడిగాను. నాలిక కరుచుకుని కూర్చున్నాను వదినా, అందుకోకుండా. ఎంతసేపు పట్టిందో చూడలేదు, పొయ్యి మీది పాలు మాడిపోయాయి." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అప్పుడే చెప్పుంటే వద్దనేదాన్నేమో, ఎవరికి తెలుసు! ఇప్పుడు రోజూ పడుకునే ముందు కాసేపు చెప్తున్నాడు. ఏవేవో. చిన్నప్పటివి."

"మంచి మాట చెప్పారు వదినా" అంది రేట్లక్క. నిజంగానే సంతోషించింది. ఫోను పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడింది. కింద దుకాణం మూసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. ఆ మాట ఇవ్వవలసిన వాళ్ళకే ఇచ్చింది, అందులో అనుమానం లేదు. అయినా చెయ్యి ఖాళీ అయింది.

అప్పట్నుంచీ ఆవిడ రెండు వారాలకోసారి ఆదివారం ఫోను చేసేది. కోడళ్ళ తగువులు, తల్లి మోకాళ్ళు, మనవడి చదువు, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా ముప్పావుగంట చెప్పేది. రేట్లక్క ఊఁ కొట్టేది. ఆఖర్న "ఇదుగో, ఆయనకిస్తున్నా" అనేది.

"మే... మేడమ్, బా... బాగున్నారా?"

"బాగున్నానండీ. మీరు?"

"బాగున్నాను." ఇక ఆయనకు చెప్పడానికేమీ మిగిలేది కాదు. చెప్పాల్సినవన్నీ ఇంట్లోనే చెప్పేసి ఉండేవాడు. ఆ "మా పె..." ఏమిటని ఒకసారి అడిగింది. ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తురాలేదు.

మరుసటి ఏడు ఆయన ఉద్యోగం అయిపోయింది. ఆ ఎక్స్‌ఛేంజికి మనుషుల అవసరం లేకుండా చేసి తాళం వేశారు. భార్యాభర్తలిద్దరూ పెద్దకొడుకు కొత్తగా బదిలీ అయిన ఊరికి మారుతున్నామని, ఫోను ఇంకా రాలేదని, వచ్చాక చేస్తామని ఆవిడ చెప్పింది. వాళ్ళ కొత్త నంబరు రాసుకోవడానికి రేట్లక్క కాగితం, కలం పక్కన పెట్టుకునే ఉంది.

నాలుగు ఆదివారాలు చూసింది. ఐదోవారం, ముప్పావుగంటసేపు వినే ఆ కోడళ్ళ తగువులు కూడా ఎంత లోటయ్యాయో తెలిసొచ్చి తనలో తనే నవ్వుకుంది. చీర మార్చుకుని, తలుపు తాళం వేసి, బస్టాండుదాకా నడిచింది. అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుంది. బస్సులు వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. మూటతో పక్కన కూర్చున్న ముసలావిడ, "ఏ ఊరికమ్మా?" అని అడిగింది.

"ఎక్కడికీ లేదు పెద్దమ్మా. ఊరికే కూర్చున్నాను" అంది.

పెద్దమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, తన మూట కొంచెం అవతలికి జరిపి, ఆమె సర్దుకు కూర్చోవడానికి చోటిచ్చింది. తర్వాత తన బస్సు రాగానే లేచి వెళ్ళిపోయింది.